బుగ్గన వక్క

నగరికి దగ్గర్లో ఉండే చౌడాపురంలో, చౌడేశ్వరమ్మ గుడి అరుగు మీద పెద్దమనిషిగా కూర్చోవాలంటే చదువు అక్కర్లేదు, ఆస్తి అక్కర్లేదు. రెండే కావాలి. నోరు కట్టేసుకోవడం తెలియాలి. తాతముత్తాతలు ఆ ఊరి మట్టిలో మగ్గం గుంట తవ్వుకున్నవాళ్లై ఉండాలి. మొదటిది నేర్చుకుంటే వస్తుంది. రెండోది తలకిందులుగా తపస్సు చేసినా రాదు.

నోరు కట్టేసుకోవడానికి ఆ నేతగాళ్ల వీధుల్లో ఒక పద్ధతి ఉంది. తగవు మొదలయ్యే ముందు పెద్దమనిషి ఒక నిండు వక్క తీసి అందరూ చూస్తుండగా బుగ్గన పెట్టుకుంటాడు. దాన్ని నమలకూడదు, మింగకూడదు, అది నోట్లో ఉండగా మాట్లాడకూడదు. ఇటువాళ్లు చెప్పాలి, అటువాళ్లు చెప్పాలి, వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్లు కూడా చెప్పాల్సింది చెప్పాలి. ఎదురుమాట వినకుండా వక్క తీయకూడదు. అందరి మాటా అయిపోయాక ఆయన వక్కను అరచేతిలోకి తీసుకుని అప్పుడు తీర్పు చెప్తాడు. మధ్యలో నోరు జారాడా, జన్మలో మళ్లీ ఆ అరుగెక్కలేడు. నేతగాళ్లకు చేతులు మగ్గం మీద ఉన్నా నోరు ఖాళీయే గనక మాటలకు అలవాటు పడ్డ జాతి. వాళ్లకు నోరు మూసుకు కూర్చోవడానికి మించిన శిక్ష లేదు.

సుబ్రమణ్యం ఈ ఊరివాడు కాదు. ఆరణి వైపు పల్లెలో పుట్టినవాడు. నూలు కరువొచ్చిన ఏడు అక్కడ మగ్గాలన్నీ మూలపడితే, నూనూగు మీసాల వయసులో భుజాన ఒక సంచీ వేసుకుని పని వెతుక్కుంటూ వచ్చాడు. ఇంటి మాట తెలుగే. కాకపోతే ఆ తెలుగును అరవంలో నానబెట్టి ఆరేసినట్టు ఉండేది. ఊళ్లోవాళ్లు ఆయన పేరడిగారు గాని వాడలేదు. వచ్చిన మొదటి రోజునుంచే ఆయన 'అరవాయన'.

అప్పటికి అరుగు మీద పెద్దమనిషి గురప్ప. గుబురు మీసాలు, తలకు తువ్వాలు పాగా, మాటకు ముందు ఒక హుంకారం. ఆయన కుర్రవాడి చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"వేళ్లు నేతగాడివే. నోరే యాడిదో తెలవడంలా" అన్నాడు.

అన్నాడే గాని, ఆ వారంలోనే తన ఇంటి నడవలో కొత్తగా ఒక మగ్గం గుంట తవ్వించి ఇచ్చాడు. కుర్రవాడు అందులో కాళ్లు దించి కూర్చుని, కళ్లనీళ్లు పెట్టుకుని "మామా" అని పిలిచాడు. గురప్ప హుంకరించాడు.

"నేను నీకు యా వరసలో మామనప్పా? మగ్గం గుంట ఇచ్చినాను గాని ఊరు ఇయ్యలా. అది గుర్తుపెట్టుకో."

సుబ్రమణ్యం గుర్తుపెట్టుకున్నాడు. అంత బాగా గుర్తుపెట్టుకోకుండా ఉంటే బాగుండేదేమో, తర్వాత ముప్పై ఏళ్లు ఆ మాట ఆయన్ను నిద్రలో కూడా వదల్లేదు. ఆయన వచ్చినప్పుడు ఆరణి పక్క జిల్లాలో ఉండేది. తర్వాత ఆంధ్రం వేరుపడింది, ఇంకొన్నాళ్లకు సరిహద్దు గీత మళ్లీ జరిగి తిరుత్తణి కూడా అటు పోయింది. పక్క జిల్లావాడు కాస్తా పక్క రాష్ట్రంవాడు అయ్యాడు. మనిషి కూర్చున్న గుంటలోనే కూర్చున్నాడు, పరాయితనం మాత్రం దానంతట అదే పెరిగింది.

చంద్రగిరి పిల్ల భారతమ్మను చేసుకున్నాడు. ఆమెకు నోరెక్కువ, ఆయనకు చెవులెక్కువ. సంసారం సాఫీగా సాగింది. తగవు జరిగే రోజుల్లో ఆయన గుడి దగ్గర అందరి వెనకా నిలబడి గురప్పనే చూసేవాడు. వక్క బుగ్గన పడగానే ఆ కోపిష్టి మనిషి ముఖం ఎలా చల్లబడుతుందో, అరిచేవాడు అరిచి అరిచి చివరికి తన తప్పు తానే ఎలా ఒప్పుకుంటాడో చూసేవాడు. ఊరందరికీ అది తగవు, ఆయనకు బడి.

ఆ చదువు ఊరికే పోలేదు. నేతగాళ్ల సహకార సంఘంలో రెండు వర్గాలు కొట్టుకుని, అధ్యక్షుడి కుర్చీలో ఎవరు కూర్చున్నా ఇంకొకరు ఒప్పుకోని రోజొకటి వచ్చింది. అప్పుడు ఎవరో అన్నారు: "అరవాయన్ని పెడదాం. ఆయప్ప ఎవురికీ బావా కాదు, బామ్మర్దీ కాదు." పరాయితనం ఆయనకు జీవితంలో మొదటిసారి పనికొచ్చింది. మొదటి సమావేశానికి వెళ్తూ దారిలో ఒక వక్క కొని, ఎవరికీ కనబడకుండా బుగ్గన పెట్టుకున్నాడు. అందరూ మాట్లాడేదాకా ఊరుకున్నాడు. అందరూ మాట్లాడాక మాట్లాడ్డానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. అలా సంఘం అధ్యక్షుడు పంచాయతీ మెంబరయ్యాడు, మెంబరు సర్పంచయ్యాడు. డెబ్బై ఎనిమిది ఎన్నికల్లో ఇద్దరు పెద్ద అభ్యర్థులు ఒకరినొకరు ఓడించుకునే పట్టుదలలో పడితే, పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు, ఇండిపెండెంటుగా నిలబడ్డ సుబ్రమణ్యం ఎమ్మెల్యే అయి కూర్చున్నాడు.

ఊరేగింపు అయిపోయాక భారతమ్మ దిష్టి తీస్తూ అడిగింది. "ఏమయ్యా, ఇప్పుడైనా ఊరోడివి అయినావా?"

"ఓటేసినారు మే, అరుగెక్కించలా" అన్నాడాయన.

నిజమే. ఆయన ఎమ్మెల్యే అయ్యాక కూడా గుడి దగ్గర తగవు జరిగితే వెళ్లి వెనకే నిలబడేవాడు. గురప్ప ఒకసారి ఇటు చూసి "అరవాయనా, ఎండలో నిలబడబాక" అనేవాడు. ముందుకు రమ్మనేవాడు మాత్రం కాదు. ఆ గురప్పకే తమ్ముడు సుబ్బన్నతో ఇళ్ల నడుమ గోడ తగవు ఒకటి ఏళ్ల తరబడి నానుతూ ఉంది. తీర్చాల్సిన పెద్దమనిషే తగవులో ఉంటే ఇంక అరుగెక్కేదెవరు? మిగిలిన పెద్దలంతా ఇద్దరికీ చుట్టాలే. ఆ గోడ అలాగే సగం కూలి, సగం నిలిచి, అన్నదమ్ముల్లాగే మొండిగా ఉండేది.

హైదరాబాదులో సుబ్రమణ్యానికి వేరే కష్టం వచ్చిపడింది. మొదటిసారి సభలో లేచి "అధ్యక్షా" అనగానే, ఆ దీర్ఘంలోని అరవపు రాగానికి వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఆయన గుండెలో ముల్లులా ఉండిపోయింది. అప్పట్నుంచి సభలో ఏది మాట్లాడాలన్నా ముందు గదిలో గొంతెత్తి పదిసార్లు చెప్పుకునేవాడు. ఎమ్మెల్యే క్వార్టర్ల గోడలు సర్కారు గోడలు. ఇటు దగ్గితే అటు వినిపిస్తుంది. పక్క క్వార్టరులో రాఘవమ్మ ఉండేది. కోస్తాలో నేతగాళ్ల ఊళ్ల నుంచి గెలిచి వచ్చిన పెద్దామె, తెల్లచీర, కళ్లజోడు, సభలో ఎప్పుడో తప్ప లేచేది కాదు. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆమె గోడవతల్నుంచి కేకేసేది.

"సుబ్రమణ్యంగారూ, 'ప్రభుత్వం' అన్న దగ్గర ఇంకాస్త గట్టిగా అనండీ. అక్కడ నీరుగారిపోతున్నారు!"

ఆయన సిగ్గుపడి కిటికీ మూసేవాడు. కిటికీ మూస్తే గోడ ఆగుతుందా?

పోట్లాటలేని మనిషి అని పేరు పడ్డందుకు, స్పీకరూ డిప్యూటీ స్పీకరూ లేనప్పుడు సభ నడిపే ప్యానెల్లో ఆయన పేరు కూడా చేర్చారు. అదొక గౌరవం, అంతే. జాబితాలో పేరుంటుంది, పిలుపు రాదు. ఆయనా దాన్ని అంతకంటే పట్టించుకోలేదు, ఎందుకంటే ఆ ఏడు ఆయన నెత్తిన పిడుగులాంటి కబురు పడింది. చౌడాపురంలో ఉన్న సర్కారు నూలు డిపోను పక్క తాలూకాకు తరలిస్తారట. ఆ తాలూకా ఎమ్మెల్యే వరదయ్య మంత్రికి కుడిభుజం, మంచి మాటకారి. డిపో పోతే చౌడాపురం నేతగాడు నూలు కోసం దళారి గుమ్మం ముందు నిలబడాలి. ఊళ్లో సగం మగ్గాలు ఆ నెలే ఆగిపోతాయి.

సభలో ఆ చర్చ వచ్చే ముందు ఊరినుంచి కొందరు హైదరాబాదు వచ్చారు. ముందు గురప్ప. జీవితంలో తిరుపతి దాటి ఎరగని మనిషి, తువ్వాలు కొత్తది చుట్టుకుని వచ్చాడు.

"సూడు అరవాయనా, మేము పైన కూసోని ఇంటాము. నీ నోటితో మా ఊరు మాట్లాడల్ల. ఏమైనా తేడా వచ్చిందంటే ఇంగ ఆ ఊరి మొగం సూడబాక" అన్నాడు.

'మా ఊరు' అన్నాడు. మన ఊరు అనలేదు. సుబ్రమణ్యం వారం రోజులుగా తెల్లవారుజామునే లేచి గోడకేసి చెప్పుకుంటున్న ఉపన్యాసాన్ని ఆ రోజు పొద్దున మరోసారి చెప్పుకున్నాడు. ఎక్కడా తడబడలేదు.

ఆయన సభలో తన బెంచీ మీద కూర్చుని, తన అంశం కోసం కాళ్లూపుకుంటూ ఎదురుచూస్తుండగా, సభ ఉద్యోగి ఒకాయన వంగి చెవిలో చెప్పాడు. స్పీకరుగారు ఊళ్లో లేరు. డిప్యూటీ స్పీకరుగారికి ఉన్నట్టుండి జ్వరం. ప్యానెల్లో మిగతావాళ్లు ఎవరూ సభలో లేరు. "మీరే కాసేపు కూర్చోవాలండీ. ఎవరో ఒకరు ఇప్పుడే వచ్చేస్తారు."

"నా డిపో విషయం వచ్చేదుండాది కదప్పా?"

"దానికింకా టైముందండీ. ఈలోపు వచ్చేస్తారు."

సుబ్రమణ్యం వెళ్లి కూర్చున్నాడు. ఆ కుర్చీ చాలా ఎత్తు. అలవాటుగా జుబ్బా జేబులో చెయ్యి పోయింది, అలవాటుగా వక్క బుగ్గన చేరింది. పైన గ్యాలరీలో ఊరివాళ్లు ఆయన్ను గుర్తుపట్టి మోచేతులతో ఒకరినొకరు పొడుచుకోవడం కనిపించింది. ఒక్క క్షణం ఆయనకు గర్వంగా కూడా అనిపించింది. భారతమ్మ చూసి ఉంటే ఎంత బాగుండేది!

ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. ముందు అంశాలు చకచకా అయిపోయాయి. రావాల్సినవాళ్లు ఎవరూ రాలేదు. తర్వాతి అంశం చౌడాపురం నూలు డిపో.

ఆయన కంగారుగా పక్కనున్న ఉద్యోగి వైపు వంగాడు. వక్కను అరచేతిలోకి తీసి "నేను దిగి మాట్లాడల్ల" అన్నాడు గుసగుసగా.

"ఇంకొకరొచ్చి కూర్చుంటే తప్ప మీరు దిగడానికి లేదండీ. ఆ కుర్చీలో ఉండగా చర్చలో మాట్లాడ్డానికీ లేదు. క్షమించండి."

సుబ్రమణ్యం చేతిలోని వక్కను చూశాడు. పైకి చూశాడు. గురప్ప గ్యాలరీ రెయిలింగు మీదికి వంగి కూర్చుని ఉన్నాడు. ఒక్క మాట. అక్కడినుంచే ఒక్క మాట అనేస్తే ఏమవుతుంది? మందలిస్తారు, పత్రికలవాళ్లు రాస్తారు, పోతే ప్యానెల్లోంచి పేరు తీసేస్తారు. ఊరు మాత్రం దక్కుతుంది. ఊరికంటే ఎక్కువా ఈ కుర్చీ? ఆయన గొంతులో ఉపన్యాసం అంతా మొదటి మాటనుంచి చివరి మాటదాకా వరసగా నిలబడి ఉంది, తలుపు తీస్తే చాలు. కాని ఏ కుర్చీ అయినా ఆయనకు తెలిసింది ఒక్కటే పద్ధతి. కూర్చున్నవాడు తన తగవైనా సరే నోరు విప్పకూడదు. ఆయన కళ్లు మూసుకుని వక్కను మళ్లీ బుగ్గన పెట్టుకున్నాడు. అంత చేదు వక్క ఆయన జన్మలో ఎరగడు.

వరదయ్య లేచాడు. ఎంత బాగా మాట్లాడాడనీ! తన తాలూకాలో మగ్గాలు ఎన్నున్నాయో, చౌడాపురం దారి ఎంత పాడైపోయిందో, డిపో తన దగ్గరుంటే ఎంత మేలో వెన్నపూస రాసినట్టు చెప్పాడు. సుబ్రమణ్యం తల ఊపుతూ వినాల్సి వచ్చింది. చివర్లో వరదయ్య చేతులు జోడించి, "అధ్యక్షా, ఎదురు చెప్పేవారెవరూ లేరు గనక మంత్రిగారు ప్రకటన చేయవచ్చు" అన్నాడు, పెదవి చివర చిన్న నవ్వుతో.

మంత్రి కాగితం తీసుకుని లేవబోయాడు.

సుబ్రమణ్యం చెయ్యెత్తాడు. కూర్చోమన్నట్టు. మంత్రి ఏమీ అర్థంకాక కూర్చున్నాడు. ఎదురుమాట వినకుండా వక్క తీయకూడదు కదా. కుర్చీలోని మనిషి ఆ చివరి బెంచీ నుంచి ఈ చివరి బెంచీ దాకా మెల్లగా చూడసాగాడు, ఎవరైనా లేస్తారేమోనని. సభ మొదట ఆయన ఏదో అంటాడనుకుంది. అనలేదు. ఒకరు దగ్గారు. ఇంకొకరు కళ్లజోడు తుడుచుకున్నారు. వరదయ్య "అధ్యక్షా, సమయం..." అన్నాడు. కుర్చీ అతనికీ చెయ్యి చూపించి మళ్లీ బెంచీల వైపే చూసింది. ఆయన లోపల మాత్రం మగ్గం మీద తెగిన పడుగులా పోగుపోగూ వేలాడిపోతున్నాడు. లేవండి. ఎవరైనా లేవండి. మీకు పుణ్యముంటుంది.

"అధ్యక్షా" అంటూ రాఘవమ్మ లేచింది.

ఆమె లేవడమే వింత, ఆమె మొదలుపెట్టింది ఇంకా వింత. "ఈ ప్రభుత్వం" అన్న దగ్గర సభ అదిరేలా గట్టిగా అంది. సుబ్రమణ్యం ఉలిక్కిపడ్డాడు. అది తన మాట. తర్వాతిదీ తన మాటే. వారం రోజులు కాఫీతో పాటు గోడవతల్నుంచి విన్న ఉపన్యాసాన్ని ఆ మహాతల్లి అప్పజెప్పేస్తోంది! ఆయన ఎక్కడ ఆగేవాడో అక్కడ ఆగింది, ఆయన ఎక్కడ నీరుగారేవాడో అక్కడ నిప్పులు కురిపించింది. "నూలు ఒక్కరోజు ఆలస్యమైతే మా వీధుల్లో పొయ్యిలో పిల్లి లేవదు అధ్యక్షా" అంది. మా వీధులు అనే అంది. నేతగాళ్ల వీధి ఏ ఊళ్లో ఉంటేనేం, ఆమెకు అది సొంత వీధే.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేదని సుబ్రమణ్యం అనుకున్నాడు. ఎందుకంటే తర్వాత వచ్చేదేమిటో ఆయనకు తెలుసు. అది సభకోసం రాసుకున్నది కాదు. చెప్పుకునేటప్పుడు దానంతట అదే ప్రతిసారీ వచ్చి, చెప్పకూడదని ప్రతిసారీ అనుకున్న ముక్క. రాఘవమ్మకు ఆ తేడా ఎలా తెలుస్తుంది?

"ఆ ఊళ్లో గురప్ప అని ఒక పెద్దాయన ఉన్నారు అధ్యక్షా. నూలు కరువులో పరాయి ఊరినుంచి దిక్కులేక వచ్చిన ఒక పిల్లవాడికి తన ఇంటి నడవ తవ్వి మగ్గం గుంట ఇచ్చారు. కన్న ఊరు కూడు పెట్టలేని రోజున ఆ ఊరు పెట్టింది. అలాంటి ఊరికి నూలు లేకుండా చేస్తారా?"

ఆ పిల్లవాడెవరో సభలో ఒక్కరికీ తెలియదు. కుర్చీలో ఉన్న ఒక్కడికే తెలుసు. పైన గ్యాలరీలో ఒక్కడికే తెలుసు. సుబ్రమణ్యం భయంభయంగా పైకి చూసేసరికి గురప్ప లేచి, ఎవరితోనూ ఏమీ అనకుండా, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోతున్నాడు.

తర్వాత నేతగాళ్ల ఊళ్లున్న సభ్యులు ఇటూ అటూ లేచారు. మంత్రి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చౌడాపురం డిపో కదలదని, వరదయ్యగారి తాలూకా సంగతి విడిగా చూస్తామని చెప్పాడు. సుబ్రమణ్యం వక్కను అరచేతిలోకి తీసుకున్నాడు. "తర్వాతి అంశం" అన్నాడు. ఆ రోజు ఆ చర్చలో ఆయన పలికింది అంతే.

లాబీలో వరదయ్య వచ్చి భుజం తట్టాడు. "డిపో నిలబెట్టుకున్నావు లేప్పా. కానీ ఊరికేం చెప్తావు? మీ ఊరోళ్లు ఎదురుగా ఉండంగా, పరాయి ఆమె వచ్చి మాట్లాడితే నువ్వు నోట్లో వక్కేసుకుని సూస్తా కూసున్నావే!"

అది కుళ్లుమాటే. కుళ్లుమాటలో నిజం ఉంటేనే బాధ. సుబ్రమణ్యం రాఘవమ్మ దగ్గరికి వెళ్లి ఆమె కాళ్లకు దండం పెట్టబోతే ఆమె నవ్వి, "వారం రోజులు నిద్ర చెడగొట్టారు, ఆ మాత్రం వాడుకోనివ్వరా?" అంది. క్వార్టరుకు పరుగున వస్తే ఊరివాళ్లు లేరు. గురప్ప అందరినీ లేవదీసుకుని సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడు. ఒక్క మాట చెప్పి పోలేదు. మర్నాడు పత్రికలో చిన్న వార్త వచ్చింది: డిపోను రాఘవమ్మగారు నిలబెట్టారు, స్థానిక సభ్యుడు చర్చలో పాల్గొనలేదు.

సమావేశాలు ముగిసి ఆయన తిరుపతిలో రైలు దిగేసరికి స్టేషనులో భారతమ్మ ఉంది. ఆమె ఎప్పుడూ ఎదురొచ్చేది కాదు.

"తిరుచానూరు అమ్మకు మొక్కుకున్నాను. సూసుకోని పోదాం రా" అంది. ఆమె అంత తక్కువ మాట్లాడటం ఆయన ఎన్నడూ వినలేదు.

దర్శనమయ్యాక బయట పూలంగడి దగ్గర మల్లెపూలు తీసుకుంటూ అప్పుడు చెప్పింది. "గురప్పన్న వచ్చినప్పట్నుంచీ ఎవురితోనూ సరిగా మాట్లాడలా. అడిగినోళ్లకు, ఆయన్ని రానీండి అంటాండాడు. నిన్న మనింటికే వచ్చినాడయ్యా. గడప దాటి లోపలికి రాలా. రేపు పొద్దున గుడి కాడికి ఆయన్ని తీసుకురా, ఊరంతా వస్తాది అని సెప్పి ఎళ్లిపోయినాడు."

"తగువా?"

"తగువే అన్నాడు. ఎవురిదని అడిగినాను. మొగం తిప్పుకున్నాడు."

సుబ్రమణ్యం పూలపొట్లం తన చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, "మే, అందరి ఎనకాల ముప్పై ఏండ్లు నిలబడినాను. రేపు మొదటిసారి అరుగుకు ఎదురుగా నిలబెడతాండారు" అన్నాడు.

"నిలబెట్టనీ. నేను మాట్లాడతా. నా నోట్లో వక్క లేదు గదా" అంది భారతమ్మ. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. అయినా ఆయనకు నవ్వొచ్చింది. ఇద్దరూ పుత్తూరు బస్సెక్కారు. వడమాలపేట దాటేదాకా ఆయన సంజాయిషీ ఎలా చెప్పాలా అని వెతుక్కున్నాడు. ఏ మాటా దొరకలేదు. కుర్చీ పద్ధతి అది అని చెబితే, ఊరికంటే కుర్చీ ఎక్కువైందా అంటారు.

మర్నాడు పొద్దున గుడి ముందు వీధంతా నిండిపోయింది. పడుగులు ఆరేసే వేళ అయినా ఒక్కరూ పనిలోకి పోలేదు. సుబ్రమణ్యం అలవాటు కొద్దీ వెనక నిలబడబోయాడు.

"ముందరికి రా అరవాయనా" అన్నాడు గురప్ప.

గురప్ప అరుగు మీద లేడు. కింద, నేల మీద నిలబడి ఉన్నాడు. ఆయనకు ఎదురుగా తమ్ముడు సుబ్బన్న చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అరుగు ఖాళీగా ఉంది.

సుబ్రమణ్యానికి ఏమీ అర్థం కాలేదు. "నా సంగతే గదా?" అన్నాడు.

"నీ సంగతేముండాది? డిపో ఉండాది, నూలు వస్తాండాది" అన్నాడు గురప్ప. "ఇది గోడ తగువు. నాదీ, వీడిదీ. నా తగువులో నేనే పెద్దమనిసిగా కూసుంటే ఒప్పుతాదా? ఇన్నేండ్లు ఎవురూ దొరక్క గోడ కూలిపోతాండాది."

జనంలోంచి ముసలాయన ఒకడు గొణిగాడు. "ఆ అరుగు మీద కూసోవాలంటే ఈడ మగ్గం గుంట ఉండాల గదా గురప్పా?"

గురప్ప ఆయన వైపు తిరిగి హుంకరించాడు. "ఉండాది. నా ఇంట్లో ఉండాది. నేనే తవ్వించినాను. గవర్నమెంటు సభలో గూడా సెప్పినారు, నువ్వు ఇనలేదా?"

ఎవరో నవ్వారు. గురప్ప నవ్వలేదు. "ఇనండప్పా. నేను ఆడ కూసోని నా కండ్లతో సూసినాను. సొంత తగువు, ఊరి తగువు, మేమంతా పైనించి సూస్తాండాము, పక్కోడు ఎగతాళి చేస్తాండాడు. ఈయప్ప బుగ్గలో వక్క కదల్లా. నా ఆయుసులో నేనెప్పుడైనా అట్ల కూసున్నానా? నేనైతే ఆ వరదయ్య మొగాన ఉమ్ముండేవాణ్ణి. ఎదురుమాట వచ్చేదాకా సభనంతా నిలబెట్టి, వచ్చినాక తీసినాడు సూడండి వక్క! ఇంగ ఇంతకు మించిన పెద్దమనిసిని మీరు యాడినుంచి తెస్తారు?"

జనంలో తలలు ఊగాయి. సుబ్బన్న కూడా తల ఊపాడు. గోడ విషయంలో అన్నకు ఎదురు నిలబడ్డవాడు, ఈ విషయంలో అన్న మాటే తన మాటన్నాడు.

సుబ్రమణ్యం గుండెల మీంచి ఏదో పెద్ద బండ దిగిపోయినట్టయింది. పక్కనున్న గుంజ పట్టుకున్నాడు. ఎవరో చెయ్యిచ్చి అరుగెక్కించారు. అది ఆ అసెంబ్లీ కుర్చీ అంత ఎత్తు లేదు, మోకాలి ఎత్తే. అక్కడ కూర్చుని చూస్తే ఊరు వేరేగా కనిపించింది. ఇన్నేళ్లూ వెనకనుంచి వీపులు చూసిన మనిషికి ఒక్కసారిగా అందరి ముఖాలూ కనిపించాయి.

గురప్ప రొంటిన దోపుకున్న సంచీలోంచి ఒక నిండు వక్క తీశాడు. దాన్ని తువ్వాలుతో తుడిచి తన చేత్తోనే అందించాడు.

సుబ్రమణ్యం అందరూ చూస్తుండగా దాన్ని బుగ్గన పెట్టుకున్నాడు. అప్పుడే ఆయనకు గుర్తొచ్చింది. 'మామా' అని పిలవాలి. ఇప్పుడు పిలిస్తే యా వరసలో అని గురప్ప అడగడు. అడిగినా ఫరవాలేదు. నడవలో గుంట తవ్వించిన నాటినుంచి నాలుక చివర ఆగి ఉన్న మాట అది. కాని నోట్లో వక్క ఉంది, మాట్లాడ్డానికి లేదు. ఆయన నిస్సహాయంగా భారతమ్మ వైపు చూశాడు. ఆమెకు అర్థమైపోయినట్టుంది, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"ఏంది అట్ల సూస్తావు? మొదలుపెట్టమని చెయ్యి ఊపల్ల" అన్నాడు గురప్ప, కిందనుంచి.

సుబ్రమణ్యం కళ్లు తుడుచుకుని చెయ్యి ఊపాడు.